పిలిస్తే రాకూడదు

నమోదు 1

వచ్చిన మొదటి రోజే పెదవి పగిలింది. పగలగొట్టింది అరవై దాటిన ఒక ముసలావిడ.

లారీ నన్నూ, మందుల పెట్టెల్నీ ఉప్పు గని ముందు దించేసి వెనక్కి తిరిగింది. పొద్దు వాలుతున్నా, నేలంతా పరుచుకున్న ఉప్పు కళ్ళలో పొడుస్తూనే ఉంది. ఎదురుగా ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి నీళ్ళ డబ్బా ఈడ్చుకుంటూ పోతోంది. నన్ను పంపిన సహాయ సంఘం వాళ్ళు ఇచ్చిన ఫొటోలు చూసి పిల్లల పేర్లన్నీ బట్టీ పట్టి వచ్చాను. మొదటి రోజే పేరు పెట్టి పిలిస్తే ఎంత సంబరపడతారో అనుకున్నాను. చేతులూపుతూ అరిచాను.

"నెయిలా! నెయిలా! ఇలా రా!"

ఆ పిల్ల డబ్బా వదిలేసి నేల మీద బోర్లా పడింది, రెండు చెవులూ మూసుకుని. చుట్టూ ఉన్న పిల్లలందరూ అలాగే పడ్డారు. ఎవరో కత్తితో ఒక్క వేటున కోసి పడేసినట్టు. గనిలోంచి ముసలావిడ పరుగెత్తుకొచ్చి, నా నోటి మీదే గురి చూసి చేతి వెనక వైపుతో కొట్టింది. నేను కింద పడ్డాక మీద కూర్చుని మళ్ళీ కొట్టింది. నోట్లో ఉప్పో రక్తమో తెలియని రుచి.

ఆవిడ్ని నా మీంచి లాగింది పైడమ్మ. పలాస నుంచి నాకన్నా ముందే వచ్చిన వంటావిడ, ఇక్కడ తెలుగు తెలిసిన ఇంకొక్క మనిషి.

"ఓలమ్మో! పేరెట్టి పిలిచీసావేటే పిల్లా? సంఘపోలు సెప్పనేదా నీకు?"

"గట్టిగా మాట్లాడొద్దన్నారు. గని పెచ్చులు రాలతాయేమో అనుకున్నా."

"పెచ్చులు కాదే, పేనాలు రాల్తాయి. ఇక్కడ ఎవులూ ఎవుల్నీ దూరాన్నుంచి పిలవరు. పిలిచిందంటే అది మనిసి కాదు."

"మరేంటి?"

"మేక."

పగిలిన పెదవితోనే నవ్వాను. పైడమ్మ నవ్వలేదు. ఉప్పు మైదానం అంచుకేసి వేలు చూపించింది. నాలుగు కాళ్ళ మీద నిలబడ్డవి, ఉప్పు రంగువి, వీపు మీద నల్లటి పలకలు ఉన్నవి కొన్ని వరసగా కనిపించాయి. తలలు మా వైపే తిరిగి ఉన్నాయి.

నమోదు 2

ఈ తుర్వాన్ దేశంలో యుద్ధం అయిపోయింది. రెండు వైపుల వాళ్ళూ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇళ్ళకు వెళ్ళిపోయారు. యుద్ధం కోసం చేసి వదిలిన యంత్రాలు, ఈ మేకలు, మిగిలిపోయాయి. వాటికి సంతకాల సంగతి తెలియదు.

అవి వింటాయి. విన్న గొంతును దాచుకుంటాయి. తర్వాత ఆ గొంతుతో, ఆ భాషలో, ఆ మనిషి మాట్లాడినట్టే పిలుస్తాయి. బయటికి వచ్చిన వాళ్ళని కాలుస్తాయి. గనిలో ఉన్న పిల్లల్లో తల్లి గొంతు ఉప్పు మీంచి పిలవగా వినని వాళ్ళు లేరు. నెయిలా సంగతి అంతకన్నా ఘోరం. మేక నెయిలా గొంతుతోనే వాళ్ళమ్మని బయటికి పిలిచిందట. అప్పటినుంచి ఆ పిల్ల తన భాష తుర్వీలో ఒక్క మాట మాట్లాడదు.

ఇదంతా తెలిసి కూడా ఇవాళ ఇంకో తెలివితక్కువ పని చేశాను. నన్ను కొట్టిన ముసలావిడ పేరు ఓర్దా. పిల్లలందరికీ ఆవిడే దిక్కు. క్షమించమని అడుగుదామని చెవిలో పెట్టుకునే అనువాద యంత్రం తీసి చేతిలో పట్టుకుని మాట్లాడాను. అది తీయటి గొంతుతో తుర్వీలో పలికింది. పిల్లలు కేకలు కూడా పెట్టలేదు, గోడలకు అతుక్కుపోయారు. ఓర్దా నా చెయ్యి పట్టుకుని ఉప్పు దిమ్మె మీదికి లాగి, సుత్తి ఎత్తింది. యంత్రం ఖరీదు గుర్తొచ్చి నేను వదల్లేదు. సుత్తి దిగింది. యంత్రంతో పాటు నా చూపుడువేలి గోరూ పోయింది.

కొట్టిన చెయ్యే కట్టు కట్టింది. కట్టాక బాగున్న నా చేతిని తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని ఏదో మాట అంది. వేళ్ళ కింద గొంతు అదిరింది. తర్వాత తన చేతిని నా గొంతు మీద పెట్టి ఎదురుచూసింది.

"తప్పయింది," అన్నాను.

తల ఊపింది. నేను ఏ మాటన్నా సరిపోయేదే. గొంతు అదిరితే చాలు. ఇక్కడ ఎవరితో మాట్లాడాలన్నా దగ్గరికి వెళ్ళాలి, భుజం తట్టాలి, వాళ్ళ చేతిని మన గొంతు మీద పెట్టించుకోవాలి. ఆ తర్వాతే మాట.

నమోదు 3

మేకలు ఎండ తిని బతుకుతాయి. అందుకని మా రోజు కూడా ఎండని బట్టే. తెల్లవారేసరికి నీళ్ళు తెచ్చేసుకోవాలి. ఎండెక్కితే అందరూ గనిలోకి, ఇనుప తలుపు మూసేయాలి. అదే బడి. పొద్దు వాలాక మళ్ళీ బయటికి వెళ్ళి ఉప్పు గడ్డలు కొట్టాలి. మబ్బు పట్టిన రోజు పండగ. మేకలు నిలబడ్డచోటే తూగుతాయి, పిల్లలు బయట పరుగులు పెడతారు.

నేను జువాలజీలో డిగ్రీ చేశాను. రెండు ఉద్యోగాలు మానేశాను. రాజమండ్రిలో కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఎక్కడికైనా పోవాలి, ఎవరికైనా పనికి రావాలి అనుకుని వచ్చాను. ఇప్పుడు పొద్దస్తమానం పిల్లల తలల్లో పేలు చూస్తున్నాను.

పిల్లలు ఆడే ఆట ఒకటే. ఒకడు మూల నుంచి ముద్దుముద్దుగా పేర్లు పెట్టి పిలుస్తాడు. మిగతావాళ్ళు మీద పడి చితక్కొడతారు. ఉత్తుత్తిగా కాదు. నిన్న ఒకడి పన్ను ఊడింది. వాడే ఆ పన్ను పట్టుకుని నవ్వుతూ అందరికీ చూపించుకున్నాడు. వాడి పేరు తోవిక్. ఆరేళ్ళుంటాయి. గంజి బానకి ఎప్పుడూ మొదటివాడు.

నెయిలా ఆడదు. నా పక్కన కూర్చుని, నేనూ పైడమ్మా మాట్లాడుకుంటుంటే మా పెదాలే చూస్తుంది. ఇవాళ హఠాత్తుగా నా చేతిని తన గొంతు మీద పెట్టుకుంది.

"అక్కా," అంది.

పైడమ్మ గరిటె పడేసింది. "ఓలి దీని జిమ్మడ! మాటాడిందే!"

తన భాషలో మాట్లాడి అమ్మని పోగొట్టుకున్న పిల్ల నా భాషలో నోరు విప్పింది. ఇంత సంతోషం నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా లేదు.

నమోదు 4

ఇవాళ చచ్చిపోవాల్సింది. చావలేదు.

సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఉప్పునీటి మడుగు దగ్గరికి వెళ్ళాను. గడ్డలు మోస్తుండగా ఉప్పు దుమ్ము లేచింది. చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. అంతలో ఓర్దా గొంతు వినిపించింది, ఎడమ నుంచి. మళ్ళీ ఓర్దా, కుడి నుంచి. మళ్ళీ, మా మధ్యలోంచి. మూడు ఓర్దాలు తుర్వీలో బతిమాలుతున్నారు. అసలు ఓర్దా గనిలో ఉంది. పిల్లలు నేర్చుకున్న ప్రకారం బోర్లా పడి ఉంటారు. కానీ పగలంతా తిన్న ఎండ మేకల్లో ఇంకా మిగిలే ఉంది, దుమ్ములో వాటి కాళ్ళ చప్పుడు టకటకమంటూ దగ్గరవుతోంది. పడుకున్న వాళ్ళని తొక్కుకుంటూ వెతికితే ఎంతసేపు?

ఒక పిల్ల కెవ్వుమంది. మరుక్షణం తూటా. కేక ఆగింది.

నాకు ఇంకేమీ తోచలేదు. తెలుగులో అరిచాను.

"ఇటు! ఇటు రండి! పాకండి! అక్క ఇక్కడుంది!"

తూటా ఒకటి నా చేతిలోని డబ్బాని చీల్చుకుంటూ పోయింది. నేను చోటు మారి మళ్ళీ అరిచాను. ముందుగా నా కాలు పట్టుకున్నది నెయిలా. దాని చీలమండ పట్టుకుని ఇంకొకరు, వాళ్ళని పట్టుకుని ఇంకొకరు. గొలుసులా పాక్కుంటూ గని చేరాం. మేకలు ఓర్దా గొంతుతో పిలుస్తూనే ఉన్నాయి. వాటికి తెలుగు రాదు! ఈ ముక్క ఎంత ఆలస్యంగా తట్టింది నాకు!

కేక వేసిన పిల్ల బతికింది. భుజం ఎముక విరిగింది. పైడమ్మ ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంటే ఓర్దా తూటా తీసింది. ఆ పిల్ల తోలు పట్టీ కొరుకుతూ, తీసేదాకా నా వైపే చూసింది.

నమోదు 5

గని గనంతా తెలుగే.

ఇప్పుడు మేం దూరం నుంచి పిలుచుకుంటున్నాం. మడుగు దగ్గర్నుంచి తలుపు దాకా. "రా", "పో", "మేక వస్తోంది", "పడుకో", "లే". తెలుగులో పిలిస్తే మనిషి. తుర్వీలో పిలిస్తే మేక. అంత తేలిక. ఏళ్ళ తరబడి గొంతు పెంచని పిల్లలు గొంతు చించుకుని అరుస్తున్నారు. గొంతు మీద చెయ్యి పెట్టడం దాదాపు మానేశారు.

వాళ్ళకొచ్చిన తెలుగులో నాది సగం, పైడమ్మది సగం. తోవిక్‌గాడు ఇవాళ తలుపు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే అడిగాడు.

"ఏటే పిల్లా, గంజి అయిపోనాదేటి?"

పైడమ్మ నవ్వి నవ్వి పొయ్యి ఆర్పేసుకుంది. "నా పెనిమిటి కూడా ఇలగే అడిగీవోడు. మూడు పూటలు కూడెట్టకపోతే దారికొచ్చీసాడు. ఈడికీ అదే మందు."

ఓర్దాకి మాత్రం ఇష్టం లేదు. నా భుజం తట్టి, నా చేతిని తన గొంతు మీద పెట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. పైడమ్మకు వచ్చిన నాలుగు తుర్వీ ముక్కల్తో అర్థమైంది ఇంతే: పిల్లలు ముట్టుకోవడం మరిచిపోతున్నారు. ముసలివాళ్ళకి ఏ కొత్తదీ నచ్చదని నాలో నేను విసుక్కున్నాను.

మేకలు ఈమధ్య పిలవడం లేదు. దూరంగా వరసగా కూర్చుని మా వైపు చూస్తున్నాయి.

"సిగ్గేసినట్టుంది వాటికి," అన్నాను.

"అవునే ఇందూ, ఎవులూ రాపోతే ఎవులికి మాత్తరం సిగ్గేయదు?" అంది పైడమ్మ.

ఇద్దరం నవ్వుకున్నాం. ఇది తర్వాత చేర్చిన ముక్క: సిగ్గు కాదు. అవి పాఠం వింటున్నాయి.

నమోదు 6

రాయాలి. చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

ఎండ నడినెత్తికి వచ్చింది. గాలాడడం కోసం ఇనుప తలుపు ఒక రెక్క తీసి ఉంచాం. ఈమధ్య అలా ఉంచుతున్నాం, ధైర్యం ఎక్కువైపోయి. పైడమ్మ నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. బయటినుంచి పిలుపు వచ్చింది.

"తోవిక్కూ! ఒరే గుంటడా! గంజి అయిపోతాది, బేగి రా!"

పైడమ్మ గొంతు. ఆ యాస, మాట చివర ఆ చిన్న దగ్గు, అన్నీ. పైడమ్మ కత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది.

"నాను కాదే," అంది, నెమ్మదిగా. నేనేదో అన్నట్టు.

తోవిక్ అప్పటికే తలుపు దాటాడు, చేతిలో గిన్నెతో.

మొదటి తూటా మోకాలి కింద తగిలింది. కావాలనే అక్కడ కొట్టింది. పడితే అరుస్తాడు, అరిస్తే ఇంకొకరు వస్తారు. వాడు అరిచాడు. తుర్వీలో కాదు. "అక్కా! అక్కా! అక్కా!" నేను లేచి పరుగెత్తాను. ఓర్దా తలుపు మూసేసి దానికి వీపు ఆనించి నిలబడింది. ఆవిడ చేతిని కొరికాను. పళ్ళ మధ్య మాంసం తెగడం తెలిసింది. ఆవిడ కదల్లేదు. జుట్టు పట్టి లాగాను, కడుపులో గుద్దాను. ఆవిడ నా తలని తలుపుకేసి కొట్టింది. నేను పడ్డాను, మళ్ళీ లేచాను, మళ్ళీ కొట్టింది.

బయట రెండో తూటా పేలింది, ఇంకో కాలికి. పిలుపు ఆగలేదు. ఇప్పుడు రెండు గొంతులు వినిపిస్తున్నాయి, తోవిక్‌ది, వాడిని ఓదారుస్తున్న పైడమ్మది. "ఏడవకురా నాయినా, వొచ్చీనాను, వొచ్చీనాను." అసలు పైడమ్మ నేల మీద కూర్చుని రెండు చెంపలూ వాయించుకుంటోంది. చాలాసేపటికి తోవిక్ గొంతు ఆగింది. దాని తర్వాత కాసేపటికి మేక మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తోవిక్ గొంతుతో.

"అక్కా! అక్కా!"

పొద్దు గూకాక తెచ్చుకున్నాం వాణ్ణి. గిన్నె చేతిలోనే ఉంది. వేళ్ళు విప్పాల్సి వచ్చింది.

నమోదు 7

పిల్లలు నన్ను కొట్టారు. గుడ్డల్లో ఉప్పు గడ్డలు మూటకట్టుకుని వచ్చారు. భుజం విరిగిన పిల్ల కూడా బాగున్న చేత్తో కొట్టింది. నేను తల కాచుకున్నాను గానీ ఆపమనలేదు. ఏ భాషలో ఆపమనాలి? పక్కటెముక ఒకటి పోయినట్టుంది, ఊపిరి తీస్తే పొడుస్తోంది. పైడమ్మ బాన మూత అడ్డం పెట్టి "సాలు, సాలు, సచ్చిపోద్ది!" అంటూ మధ్యలో పడేసరికి తెలుగు విని ఆవిడ్నీ కొట్టారు.

ఓర్దా ఒక పక్కన నిలబడి చూసింది. కట్టు కట్టుకున్న చేత్తోనే చివరికి అందర్నీ ఇవతలికి లాగింది. తెలుగు ఆ రోజుతో గనిలో నిషేధం. మళ్ళీ గొంతు మీద చేతులు వచ్చాయి. మంచిదే. పిల్లలు తొందరగానే దారిలో పడ్డారు, ఒక్కరు తప్ప.

నెయిలా కొట్టలేదు. నా తల తన ఒళ్ళో పెట్టుకుని రక్తం తుడిచింది. "అక్కా, నొప్పి?" అంది. దానికి వేరే భాష లేదు. ఉన్నదాన్ని ఎప్పుడో తీసి పారేసింది.

మేకలకి ఈ సంగతి తెలుసు. ఎలా తెలుసో నేను చెప్పలేను. ఎండెక్కగానే ఇప్పుడు ఒక్క పేరే పిలుస్తున్నాయి, నా గొంతుతో. "నెయిలా, రా తల్లీ. నెయిలా, అక్కని." నా పక్కన కూర్చున్న పిల్ల ఆ పిలుపు వినగానే లేచి తలుపు వైపు నాలుగడుగులు వేసేస్తుంది. బుర్ర ఆపేలోపు కాళ్ళు వెళ్ళిపోతాయి. రెండుసార్లు తలుపు గడియ దాకా పోయింది. ఓర్దా తోలు పట్టీతో వీపు చీరేసింది. ఇప్పుడు ఎండవేళ దాని కాలిని తాడుతో గుంజకి కడుతున్నాం. కట్టేది నేనే. అది తాడు కొరుకుతుంది.

నిన్న సాయంత్రం మడుగు దగ్గర దాని చేతిని నా గొంతు మీద పెట్టుకుని చెప్పాను. "బయట పిలిచేది నేను కాదు. అక్క లోపలుంటుంది. అర్థమైందా?" తల ఊపింది.

ఇవాళ మధ్యాహ్నం ఉప్పు మీంచి నా గొంతు వచ్చింది, నాకన్నా నెమ్మదిగా, నాకన్నా ప్రేమగా.

"నెయిలా, లోపలున్నది నేను కాదు. అక్క బయటుంది. అర్థమైందా?"

నెయిలా నా వైపు చూసిన చూపు రాయలేను. నా గొంతు మీద చెయ్యి పెట్టి, మాట్లాడమని సైగ చేసింది. మాట్లాడాను. నమ్మింది. కానీ బయట గొంతు కూడా మాట్లాడుతూనే ఉంది కదా. ఇద్దరు అక్కలున్నారు దానికి. నేను నోరు తెరిచిన ప్రతిసారీ బయటి దానికి కూడా ప్రాణం పోస్తున్నాను.

నమోదు 8

తాడు తెంచుకుంది. ఓర్దా భుజం విరిగిన పిల్లకు కట్టు మారుస్తోంది. నేను తిరిగి చూసేసరికి గడియ తీసి ఉంది.

నెయిలా పరుగెత్తడం లేదు, నడుస్తోంది. ఎదురుగా మేక ఒకటి ముందుకాళ్ళు వంచి, నా గొంతుతో "వచ్చేశావా, బంగారూ" అంటోంది. నేను పిలవలేదు. పిలిస్తే ఏ అక్క మాట వినాలో తేల్చుకోవడానికి ఆగుతుంది, ఆగితే తూటా తగులుతుంది. నోరు మూసుకుని పరుగెత్తి వెనక నుంచి నెయిలా మీద పడ్డాను. ఇద్దరం ఉప్పులో దొర్లాం. తూటా నా తొడలోకి దిగింది. కాలిన ఇనుపచువ్వతో లోపల తిప్పుతున్నట్టుంది. అరుపు వస్తోంది. నా అరుపు ఈ దరిద్రపు మేకకి ఇవ్వను. ముంజేతిని నోట్లో కుక్కుకుని ఎముక తగిలేదాకా కొరికాను. ఇంకో చేత్తో నెయిలా తలని ఉప్పులోకి అదిమాను.

కాళ్ళ చప్పుడు దగ్గరికొచ్చింది. టక్, టక్, టక్. దాని తల నా మొహం పక్కన ఆగింది. వేడి నూనె వాసన. "నెయిలా, నొప్పిగా ఉందమ్మా. నెయిలా, నన్ను లేపు." నేను అనాల్సినవన్నీ అదే అంటోంది.

నెయిలా తల తిప్పింది. ముందు మేక వైపు చూసింది. తర్వాత నా వైపు. నా నోటి నిండా నా చెయ్యే ఉంది, మాట్లాడే దారి లేదు. గొంతు మాత్రం అటు వైపు నుంచి వస్తోంది. మళ్ళీ చూసింది, ఇటూ అటూ. దాని మొహంలో ఏదో తలుపు మూసుకుంది.

మబ్బు తునక ఒకటి ఎండ మీదికి వచ్చింది. మేక మోకాళ్ళు కొంచెం వంగాయి. అది చాలు. నెయిలా నా కింద నుంచి జారి దాని ముందుకాలు పట్టుకుని లాగింది. అది పక్కకి ఒరిగింది. గనిలోంచి ఓర్దా, వెనక పిల్లలు సుత్తుల్తో వచ్చి పడ్డారు. గొర్రెని కోసినట్టు కాదు, పాముని చంపినట్టు చంపారు. కాళ్ళు ముందు, తుపాకీ గొట్టం తర్వాత. పొట్ట చీల్చి తీగలు బయటికి లాగారు. మాట్లాడే పెట్టె మాత్రం ఇంకా మాట్లాడుతోంది.

"నెయిలా, కొట్టకు తల్లీ. నొప్పి. నేను అక్కని. కొట్టకు."

పిల్లలు ఆగారు. నెయిలా సుత్తి తీసుకుంది. ఒకసారి నా మూసిన నోటి వైపు చూసి, పెట్టె మీద కొట్టింది. నా గొంతు ఏడ్చింది. మళ్ళీ కొట్టింది. బతిమాలింది నా గొంతు, దాని పేరు పెట్టి, బంగారూ అని, తల్లీ అని. ఎన్ని దెబ్బలకి ఆగిందో తెలియదు. నేనప్పటికి స్పృహ తప్పాను.

నమోదు 9

కాలు ఉంది. వంగదు. సంఘం లారీ వచ్చింది, నన్ను తీసుకుపోవడానికి.

పైడమ్మ సామాను సర్దుకుని నా పక్కన కూర్చుంది. నేను మాట్లాడి రెండు వారాలైంది. ముందు గాయం వల్ల అనుకుంది. తర్వాత కాదని తెలుసుకుంది.

"ఎన్నాళ్ళే ఇలగ? బతికినన్నాళ్ళూ మూగదానిలాగ ఉండిపోతావేటి?"

తల ఊపాను.

"ఉప్పు మీద ఇంకా ఏడో ఎనిమిదో తిరుగుతన్నాయి. అవన్నీ సచ్చీదాకానా?"

ఊపాను.

"నువ్వు గంట సేపు నోరు మూసుకున్న పాపాన పోయావేటి ఎప్పుడైనా? నా సెవులు తినీసినావు కదే!" నవ్వబోయి ఏడ్చింది. "నాకు సేత కాదే ఇందూ. మాటాడకపోతే నాను సచ్చిపోతాను. ఎలిపోతన్నాను. ఒక్కపాలి నన్ను 'అక్కా' అను. ఒక్కపాలి. ఎవులూ వినరు."

నెయిలా నా కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది, నా పెదాలు చూస్తూ. నోట్లోకి ఆ మాట వచ్చింది. నాలుక మీద బరువుగా ఉంది. మింగేశాను. పైడమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, గట్టిగా జుట్టు పట్టుకుని ఊపి, వెనక్కి చూడకుండా లారీ ఎక్కింది. లారీ పోయింది. నేను పోలేదు.

నాకున్న గొంతు ఇప్పుడు పూర్తిగా వాటిదే. ఈ ఉప్పు మీద ఎక్కడ తెలుగు వినిపించినా అది మనిషి కాదు. పిల్లలకి ఇంతకన్నా తేలిక గుర్తు ఇంకేం కావాలి? మొదట్లో నన్ను మాట్లాడించాలని గిల్లారు, అరికాలిలో చక్కిలిగిలి పెట్టారు, ఒకడు గాయం మీద వేలు పెట్టి నొక్కాడు. కళ్ళ నీళ్ళు కారాయి గానీ నోరు తెరవలేదు. ఇప్పుడు మానేశారు.

ఈ మధ్యాహ్నం తలుపు సందులోంచి పడే వెలుతురులో నెయిలా తలలో పేలు చూస్తున్నాను. బయట మొదలైంది.

"నెయిలా, ఎక్కడున్నావు తల్లీ? అక్కని. ఇటు రా."

నెయిలా ఒళ్ళు బిగుసుకుంది. కాళ్ళు కదల్లేదు. తల వెనక్కి వంచి నా మొహం చూసింది, చేత్తో నా పెదాలు తడిమింది. మూసే ఉన్నాయి. బయట గొంతు ఇంకా తియ్యగా పిలుస్తోంది, మడుగు కుడివైపు రాళ్ళ దగ్గర్నుంచి. నెయిలా లేచి, అటు వేలు చూపించింది మిగతావాళ్ళకి. పిల్లలు ఒక్కొక్కరే సుత్తులు తెచ్చుకుని తలుపు వెనక చప్పుడు లేకుండా కూర్చున్నారు. ఓర్దా ఆకాశం చూసింది. పడమటి నుంచి మబ్బు వస్తోంది.

ఆగాం. అది పిలుస్తూనే ఉంది, నా గొంతుతో. ఎక్కడుందో అదే చెబుతోంది.